ఉబ్బసానికి రోజూ వేసుకునే మాత్ర: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఉబ్బసం అదుపులో ఉండటానికి నెలల తరబడి వేసుకునే మాత్రల గురించి మాట్లాడటానికి ఊపిరితిత్తుల వైద్యురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే డాక్టర్ గారూ. నాకు పొద్దునా రాత్రీ పీల్చే ఇన్‌హేలర్‌తో పాటు రాత్రిపూట మాంటెలుకాస్ట్ 10 ఎం.జి. మాత్ర రాశారు. ఇప్పుడు దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. అందుకని ఇన్‌హేలర్ ఆపేసి మాత్ర ఒక్కటే వేసుకుంటున్నాను. అది చాలదా?

డాక్టర్: మాత్ర మింగడం తేలికే, కాదనను. కానీ ఆపమని మీ డాక్టర్ చెప్పారా, మీరే ఆపేశారా?

శ్రోత: నేనే ఆపేశానండి. ఇన్‌హేలర్‌లో ఉండేది స్టెరాయిడ్ కదా, అదంటే కొంచెం భయం.

డాక్టర్: ఆ భయం చాలామందిలో చూస్తుంటాను. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంచెం వాచి ఉంటుంది. ఆ వాపు పెంచే రసాయనాల్లో ల్యూకోట్రైన్లు ఒక రకం. మాంటెలుకాస్ట్ వాటి పనిని మాత్రమే అడ్డుకుంటుంది. పీల్చే స్టెరాయిడ్ అంతకంటే విస్తృతంగా వాపును తగ్గిస్తుంది. అందుకే ఎక్కువమందికి అదే ప్రధాన మందు, మాత్ర దానికి తోడు. పైగా పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరి గొట్టాల్లోకి వెళ్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే నోటిపూత బెడద తగ్గుతుంది.

శ్రోత: మరి ఆపినా నాకేమీ కాలేదు కదండీ?

డాక్టర్: ఆ మందు చేసిన మేలు ఆపిన వెంటనే పోదు, కొన్నాళ్లు నిలుస్తుంది. ఆ తర్వాత ఒక జలుబుకో దుమ్ముకో ఒక్కసారిగా ఆయాసం రావచ్చు. ఇన్‌హేలర్ మళ్లీ మొదలుపెట్టి, మీ డాక్టర్‌ని కలవండి. తగ్గించగలిగితే ఆయనే మెల్లగా తగ్గిస్తారు.

శ్రోత: రాత్రి ఆయాసం వస్తే ఇంకో మాత్ర వేసుకోవచ్చా?

డాక్టర్: వద్దు. అప్పటికప్పుడు ఆయాసాన్ని తగ్గించే మాత్ర కాదది. ఆ సమయానికి మీ డాక్టర్ రాసిన రిలీవర్ ఇన్‌హేలరే వాడాలి, అది ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. అది వాడినా తగ్గకపోయినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: మేడమ్, మా బాబుకి ఏడేళ్లు. ఈమధ్యే నమిలే మాత్ర మొదలుపెట్టారు, మాంటెలుకాస్ట్ 5 ఎం.జి. దగ్గు బాగా తగ్గింది. కానీ రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు. పగలంతా చిరాకు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: మాత్రకు ముందు ఇలా ఎప్పుడైనా ఉండేదా అమ్మా?

శ్రోత: లేదండి. హాయిగా నిద్రపోయేవాడు.

డాక్టర్: అయితే మాత్రనే అనుమానించాలి. పీడకలలు, నిద్ర చెదరడం, కోపం, దిగులు, అరుదుగా చనిపోవాలన్న ఆలోచనలు ఈ మందుతో రావచ్చు. అందుకే 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీనికి అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది. ఎక్కువమంది పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ మాత్ర మొదలుపెట్టేటప్పుడే ఈ మాట ఇంట్లోవాళ్లకు చెప్పి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. చెప్పకపోతే పిల్లాడు మొండికేస్తున్నాడని వాడినే తిడతాం.

శ్రోత: తిట్టానండి, నిన్ననే.

డాక్టర్: బాధపడకండి, మీకు తెలియదు కదా. ఈ రాత్రి మాత్ర ఇవ్వకండి. రాసిన డాక్టర్‌కి ఇవాళే ఫోన్ చేసి ఇదంతా చెప్పండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. బాబుకి ఇన్‌హేలర్ కూడా ఉందా?

శ్రోత: ఉందండి, దానికి స్పేసర్ గొట్టం తగిలించి ఇస్తున్నాం.

డాక్టర్: అది మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు. మాత్ర ఆపాక చాలామందిలో ఈ లక్షణాలు తగ్గిపోతాయి. కొందరిలో ఇంకొన్నాళ్లు ఉంటాయి, కాబట్టి గమనిస్తూ ఉండండి. తనకు తాను హాని చేసుకునే మాట ఏదైనా అంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేరే మందులు ఉన్నాయమ్మా, దారి లేకపోలేదు.

వ్యాఖ్యాత: ఇంకో శ్రోత లైన్‌లో ఉన్నారు.

శ్రోత: అమ్మా, నేను చాలా ఏళ్లుగా ఉబ్బసానికి థియోఫిలిన్ అనే మాత్ర వాడుతున్నాను. మొన్న వేరే జబ్బుకి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. అప్పటినుంచి వికారం, గుండె దడ, చేతుల వణుకు.

డాక్టర్: పెద్దాయనా, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి, రెండు మందుల చీటీలూ పట్టుకెళ్లండి. థియోఫిలిన్ మేలు చేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య తేడా చాలా తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ వల్ల అది రక్తంలో పేరుకుపోతుంది. మరీ పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. రక్తపరీక్షతో ఎంత ఉందో తెలుస్తుంది. వాళ్లు చూసేదాకా తర్వాతి థియోఫిలిన్ మాత్ర వేసుకోకండి. పొగ తాగే అలవాటుందా?

శ్రోత: ఈమధ్యే మానేశాను.

డాక్టర్: చాలా మంచి పని చేశారు. అదీ అక్కడ చెప్పండి. పొగ మానేశాక ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. ఇక ఫోన్ పెట్టేసి బయల్దేరండి, ఒంటరిగా వెళ్లకండి.

వ్యాఖ్యాత: చివరి కాల్. క్లుప్తంగా అడగండి.

శ్రోత: డాక్టర్ గారూ, ఒక రాత్రి మాంటెలుకాస్ట్ మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవాలా? ఇంకోటి, నాకు ఆస్పిరిన్ పడదు. ఈ మాత్ర వాడుతున్నాను కాబట్టి ఇప్పుడు వేసుకోవచ్చా?

డాక్టర్: రెండు వద్దు. మర్నాడు మామూలు వేళకి ఒక్కటే వేసుకోండి. ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చేవాళ్లు ఈ మాత్ర వాడుతున్నా ఆస్పిరిన్ జోలికి వెళ్లకూడదు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కూడా అంతే. ఏ నొప్పికి ఏ మందు అడిగినా, ఆస్పిరిన్ పడదని ముందే చెప్పండి.