మా సినిమాలో నాన్నకు ఒక పేరు కావాలి

నమస్తే అండీ. ఇక్కడ అమెరికాలో, డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో శనివారం ఉదయం ఏడున్నర. వెనక గరగరమంటున్నది మా డిష్‌వాషర్. మధ్యలో ఆపితే గిన్నెలన్నీ నేనే తోమాలి కాబట్టి, ఈ రోజుకు అది కూడా ఒక పాత్రే అనుకోండి. కెమెరా పట్టుకున్నది మా ఆయన. ఈ టేబుల్ మీద పరిచిన కాగితాలు మా షార్ట్ ఫిల్మ్. మొత్తం పన్నెండు పేజీలు. పేజీకి సుమారు నిమిషం అని లెక్క వేస్తారు కదా, అంటే పన్నెండు నిమిషాలు. కథ ఒక్క ముక్కలో చెబుతాను: విజిటర్ వీసా మీద ఒక తండ్రి ఆరు నెలలకు కొడుకింటికి వస్తాడు.

తెలుసు, మీకు ఆవలింత వచ్చింది. పది రోజులు పక్కన పెట్టి మళ్లీ చదివితే నాకూ వచ్చింది.

మొదట రాసిన దాంట్లో ఆ తండ్రి కిటికీ పక్కన కూర్చుని ఉడతలను చూస్తాడు. నిట్టూరుస్తాడు. కోడలు ఫోనులోంచి తల ఎత్తదు. కొడుకు "మీటింగ్ ఉంది నాన్నా" అంటూ మేడ ఎక్కేస్తాడు. చివర్లో ఆకాశంలో విమానం. అన్నీ మిమ్మల్ని ఏడిపించడానికే పెట్టినవి. మా కాలనీ నడక దారిలో సాయంత్రాలు ఒక పెద్దాయన కలుస్తూ ఉంటారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఆయనా కూతురి దగ్గరకు ఆరు నెలలకే వచ్చారు. తండ్రి వేషం వేస్తారా అని అడిగి కాగితాలు ఇచ్చాను. బెంచీ మీద కూర్చుని అన్నీ చదివారు.

"అమ్మాయ్, ఈయన రోజంతా ఏం చేస్తాడు?"

"బాధపడతారండీ."

"కాఫీ తాగే దాకా బాధపడతాడు, సరే. ఆ తర్వాత?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఆ మనిషికి పేరు కూడా పెట్టలేదు. పన్నెండు పేజీల్లోనూ "నాన్న" అనే ఉంది. మూడేళ్లుగా మా నాన్నను చూడటానికి వెళ్లలేదన్న బాధ నాలో ఉంది. ఆ బాధకు పంచె కట్టి కుర్చీలో కూర్చోబెట్టాను, అంతే. అక్కడ ఉన్నది నేను.

అందుకని మా నాన్నతో ఏ పోలికా లేని మనిషిని వెతికాను. మా మేనమామ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేనుండే ఊరు ఫ్రిస్కో. డాలస్ చుట్టుపక్కల బస్సులు, రైళ్లు నడిపే డార్ట్ వ్యవస్థలో మా ఊరు లేదు. పక్కనున్న ప్లేనో ఉంది, మేము లేము. జీవితమంతా బస్సులో నిలబడి గడిపిన మనిషిని బస్సు తిరగని ఊళ్లో దింపితే? ఈ ప్రశ్న రాగానే మా తండ్రి పాత్ర కుర్చీలోంచి లేచింది. ఏం చేస్తాడో ఇక నేను కష్టపడి కల్పించనక్కర్లేదు. బస్సు ఎక్కాలనుకుంటాడు! దగ్గర్లో బస్సులు, రైలు కలిసే చోటు ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్. కొడుకు కారులో తీసుకెళ్లాలి. "బస్సు ఎక్కి ఎక్కడికి వెళ్తావు నాన్నా?" అని కొడుకు అడుగుతాడు. ఆ ప్రశ్నకు మాత్రం ఆయన దగ్గర జవాబు ఉండదు.

పేరు రామకోటయ్య అని పెట్టి, మామయ్యకు ఫోను చేశాను. గంటన్నర మాట్లాడాడు. ఇంటర్నెట్‌లో నెల రోజులు వెతికినా దొరకనివి చెప్పాడు. అందులో ఒకటి: కండక్టరు ఎక్కడికి వెళ్లినా తలలు లెక్కపెడతాడట. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు టిక్కెట్లకు, తలలకు లెక్క కుదరకపోతే ఉద్యోగం మీదికి వస్తుంది. ఆ భయం రిటైరయ్యాక కూడా పోలేదట. పెళ్లికి వెళ్లినా పంక్తిలో ఎంతమందో మనసులో లెక్క పడిపోతుంది. రామకోటయ్య కూడా ఇక గుడికి వెళ్తే ముందు జనాన్ని లెక్కపెడతాడు, తర్వాతే దేవుడికి దణ్ణం. డైలాగు అక్కర్లేదు, పెదవులు కదిలితే చాలు.

ఇంకొకటి చిల్లర. డార్ట్ బస్సులో నోటు వేస్తే మిషను మింగేస్తుంది, మిగతా చిల్లర తిరిగి ఇవ్వదు, సరిగ్గా ఎంతో అంతే వేయాలి. మన దగ్గర చిల్లర లేకపోతే టిక్కెట్టు వెనక రాసిచ్చి, దిగేటప్పుడు అడగమంటారు. ఆ బాకీ మరిచిపోయి దిగిపోయే ప్రయాణికులు మన సగం దేశం. మా రామకోటయ్య ఆ మిషను ముందు నిలబడి, డబ్బులు పోయినందుకు కాదు, టిక్కెట్టు వెనక ఎవరూ ఏమీ రాసివ్వలేదని కంగారుపడతాడు. ఈ దృశ్యం రాస్తూ నాకు నవ్వు వచ్చింది. ఉడతల దృశ్యం రాసినప్పుడు నాకు ఏమీ రాలేదు.

ఒక గాయం కూడా పెట్టాను, చిన్నదే. అంతవరకూ కార్పొరేషన్ ఉద్యోగులైన ఏపీఎస్‌ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులయ్యారు. రామకోటయ్య 2018లోనే రిటైరయ్యాడు. గుడిలో ఎవరో ఆయనను "గవర్నమెంటులో చేశారు" అని పరిచయం చేస్తారు. ఆయన "కార్పొరేషన్" అని దిద్దుతాడు. ఒక్క మాట. అది మొదట్లో పేజీన్నర సంభాషణ, మా ఆయన పోరి కత్తిరించేలా చేశారు. మంచి పనే చేశారు, కెమెరా వెనక నవ్వుతున్నారు చూడండి.

కోడలి సంగతి చెప్పకపోతే తప్పు. నేనూ ఒక ఇంటి కోడలినే, అయినా ఆమెను అంత చవకగా రాశాను. ఇప్పుడు ఆమెకు రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ టీముతో కాల్ ఉంటుంది, వేసవిలో అక్కడ అప్పుడు ఉదయం ఎనిమిది. గది తలుపు వేసుకుంటుంది. రామకోటయ్యకు దాని మీద కోపం లేదు, డ్యూటీలో ఉన్న మనిషిని కదిలించకూడదని ఆయనకు తెలుసు. గ్లాసుతో మంచినీళ్లు పట్టుకుని బయట కూర్చుంటాడు. ఆమె మాత్రం మామగారు తనను కాపలా కాస్తున్నారనుకుంటుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, నీళ్లు మాత్రం ఎవరూ తాగరు.

ఈ మధ్యాహ్నం మొదటి రిహార్సల్. దాని కోసం పెద్దాయనకు ముందే ఖాకీ చొక్కా ఇస్తే వద్దన్నారు. "రిటైరైనవాడు ఖాకీ వేసుకుని అమెరికా ఎందుకు వస్తాడమ్మా?" అన్నారు. నిజమే కదా. జేబులో పెన్ను మాత్రం అడిగి పెట్టుకున్నారు.

ఒక్క నిమిషం, మామయ్య నుంచి ఫోను. స్పీకరులో పెడుతున్నాను.

"చెప్పు మామయ్యా, వీడియో తీస్తున్నాం."

"రాత్రి నిద్ర పట్టలేదే. ఆ రామకోటయ్యది ఏ డిపో?"

"డిపో... అది రాయలేదు మామయ్యా."

"డిపో లేకుండా కండక్టరేమిటే!"