చంద్రుడి ఫొటో: పదును ఎక్కడ ఆపాలి?

లావణ్య: రికార్డింగ్ మొదలైంది. ఈసారి ఒకటే విషయం, టెలిస్కోప్‌తో చంద్రుడి ఫొటో తీయడం, తీశాక కంప్యూటర్‌లో దాన్ని ఏం చేయాలన్నది. రఘు గారు వచ్చారు.

రఘు: నమస్తే. కెమెరాల గోల తగ్గించి మాట్లాడమని ముందే వార్నింగ్ ఇచ్చావ్, చూద్దాం ఎంతవరకు కుదురుతుందో.

లావణ్య: కుదరదని నాకు తెలుసు లెండి. సరే, సూటిగా అడుగుతా. కొత్తగా టెలిస్కోప్ కొన్నవాళ్లంతా పౌర్ణమి కోసం ఎదురు చూస్తుంటారు. నిజంగా అదే మంచి రోజా?

రఘు: కాదు. పౌర్ణమి నాడు వెలుగు మన వెనక వైపు నుంచి నేరుగా చంద్రుడి మీద పడుతుంది, నీడలుండవు. నీడ లేకపోతే గుంట ఏదో గుట్ట ఏదో తెలీదు, అంతా తెల్లగా చదునుగా కనిపిస్తుంది. టైకో అనే క్రేటర్ నుంచి, అంటే ఉల్క పడి ఏర్పడిన గుంట నుంచి, నలువైపులా పరుచుకునే తెల్ల చారలు కావాలంటే మాత్రం పౌర్ణమే మంచిది, అది ఒప్పుకుంటా. మిగతా వాటికి అష్టమికి అటూ ఇటూ. వెలుగూ చీకటీ కలిసే హద్దు ఉంటుంది చూడు, టెర్మినేటర్ అంటాం, అక్కడ సూర్యుడు ఉదయిస్తూనో అస్తమిస్తూనో ఉంటాడు కాబట్టి చిన్న గుట్టకి కూడా పొడుగాటి నీడ పడుతుంది. ఫొటోలో లోతు వచ్చేది ఆ నీడల వల్లే.

లావణ్య: టెలిస్కోప్ ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవచ్చా?

రఘు: లెక్క ప్రకారం అంతే. డాస్ లిమిట్ అని ఒకటుంది. 116ని అద్దం వ్యాసంతో, మిల్లీమీటర్లలో, భాగిస్తే ఆ టెలిస్కోప్ విడదీసి చూపగల అతి చిన్న కోణం ఆర్క్‌సెకన్లలో, అంటే డిగ్రీలో 3,600వ వంతుల్లో, వస్తుంది. 200 మి.మీ. అద్దమైతే 0.58. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కదా, అక్కడ ఒక ఆర్క్‌సెకను అంటే దాదాపు 1.86 కిలోమీటర్లు. అంటే 200 మి.మీ. టెలిస్కోప్ చంద్రుడి మీద కిలోమీటరు పైచిలుకు ఉన్నవాటిని పట్టగలగాలి. కానీ మధ్యలో గాలి ఉంది. మామూలు రాత్రుల్లో గాలి కదలిక వల్ల వచ్చే మసకే రెండు ఆర్క్‌సెకన్ల దాకా ఉంటుంది, అప్పుడు నీ దగ్గర ఎంత పెద్ద అద్దమున్నా ఫొటోకి ఒరిగేదేం లేదు.

లావణ్య: సీయింగ్ అంటారే, అదేనా?

రఘు: అదే. కన్ను పెట్టి చూసే ఐపీస్‌లో చూస్తే క్రేటర్ అంచులు నీళ్లలో ఉన్నట్టు కదులుతుంటాయి. ఆకాశం తేటగా ఉండటం వేరు, గాలి నిలకడగా ఉండటం వేరు, ఈ రెండూ ఒకటేననుకుంటారు చాలామంది. కాస్త పలచటి పొగమంచున్న రాత్రి ఒక్కోసారి గాలి భలే నిలకడగా ఉంటుంది. మన చేతిలో ఉన్నవి కొన్నే. చంద్రుడు బాగా పైకి వచ్చాక తీయాలి. పగలంతా ఎండకి కాగిన డాబాల మీదుగా గురిపెట్టకూడదు, అవి రాత్రంతా వేడి వదులుతూనే ఉంటాయి. టెలిస్కోప్‌ని గంట ముందే బయట పెడితే అద్దం బయటి చలికి సర్దుకుంటుంది. ఇది చెబితే ఎవరూ వినరు, నేరుగా సాఫ్ట్‌వేర్ గురించే అడుగుతారు.

లావణ్య: నేనూ అదే అడగబోతున్నా! కానీ ముందు తీయడం సంగతి. ఒక్క ఫొటో చాలదా, వీడియో ఎందుకు?

రఘు: గాలి ప్రతి క్షణం మారుతుంది కాబట్టి. కదిలే గాలి మధ్యలో అప్పుడప్పుడూ రెప్పపాటు కాలం సర్దుకుంటుంది, ఆ క్షణంలో పడిన ఫ్రేమ్ పదునుగా ఉంటుంది. అది ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి వేల ఫ్రేములు తీసి మంచివి ఏరుకోవడమే దారి. డేవిడ్ ఫ్రైడ్ అనే ఆయన 1978లోనే అలాంటి ఫ్రేమ్ దొరికే అవకాశం ఎంతో లెక్క కట్టాడు, దీన్ని లక్కీ ఇమేజింగ్ అంటారు. 1840లో న్యూయార్క్‌లో జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ణి డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పలక మీద పట్టినప్పుడు నిమిషాల తరబడి వెలుగు పడనివ్వాల్సి వచ్చింది, ఆ నిమిషాల్లో గాలి చేసిన కదలికంతా ఆ పలక మీదే కలిసిపోయి ఉంటుంది. ఇప్పుడు మనం ఒక్కో ఫ్రేమ్‌కి ఐదు, పది మిల్లీసెకన్లు మాత్రమే తీస్తాం.

లావణ్య: అంత తక్కువ ఎక్స్‌పోజర్ అంటే గెయిన్, అదే కెమెరా సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్, పెంచాలి, అప్పుడు నాయిస్, అంటే గరుకు చుక్కలు, వస్తుంది కదా?

రఘు: రానీ. తర్వాత ఫ్రేములన్నీ కలిపినప్పుడు అది పోతుంది. నాలుగు వందల ఫ్రేములు కలిపితే నాయిస్ ఇరవయ్యో వంతుకి తగ్గుతుంది, వర్గమూలం లెక్క అది. అదే ఎక్స్‌పోజర్ ఎక్కువై ఫ్రేమ్ మసకబారితే దాన్ని ఎవరూ బాగుచేయలేరు. అందుకే గెయిన్‌కి భయపడకు, వీడియో రికార్డ్ చేసే షార్ప్‌క్యాప్‌లోనో ఫైర్‌క్యాప్చర్‌లోనో వెలుగు ఎంతుందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ డెబ్బై శాతం దగ్గర ఉండేలా చూసుకో, చంద్రుడి వెలుగు అంచు మాత్రం పూర్తిగా తెల్లబడిపోకూడదు. తెల్లబడిన చోట ఇక వివరం లేనట్టే. డిస్క్ ఖాళీగా ఉంచుకో, 1920×1080 మోనో (నలుపు తెలుపు) కెమెరాలో ఒక్కో ఫ్రేమ్ రెండు ఎంబీ, రెండు వేల ఫ్రేములకి నాలుగు జీబీ.

లావణ్య: ఫోకస్? నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే. నాబ్ ముట్టుకుంటే చాలు బొమ్మంతా ఊగుతుంది.

రఘు: టెర్మినేటర్ దగ్గర చిన్న క్రేటర్ ఒకటి ఎంచుకుని స్క్రీన్ మీద పెద్దది చేసి చూడు. నాబ్ కొద్దిగా తిప్పి చెయ్యి తీసెయ్, ఊగడం ఆగేదాకా ఆగు, అప్పుడు చూడు. గాలి కదులుతున్నప్పుడు ఏది ఫోకస్సో ఏది గాలో తేల్చుకోవడం కష్టం, కాబట్టి సరైన చోటు దాటి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. ఎర్ర ఫిల్టర్ గానీ ఇన్‌ఫ్రారెడ్ పాస్ ఫిల్టర్ గానీ ఉంటే పెట్టు, పొడుగు తరంగాల మీద గాలి ప్రభావం తక్కువ.

లావణ్య: కెమెరా లేదు, ఫోన్ మాత్రమే ఉంది అనేవాళ్లకి?

రఘు: ఐపీస్‌కి ఫోన్ బిగించే హోల్డర్ ఒకటి తెచ్చుకుని, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వీడియోనే తీయండి. పిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ వీడియోని మార్చుకుంటే మిగతా పనంతా ఒకటే. ఫోన్‌లో బొమ్మని తనంతట తనే బాగుచేసే సెట్టింగులుంటే అన్నీ ఆపేయండి. 2023లో ఒకాయన కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మని కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీస్తే, అందులో లేని క్రేటర్లు ఫోన్ ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. అప్పట్లో పెద్ద గొడవే అయింది. నా దృష్టిలో అది ఫొటో కాదు.

లావణ్య: ఆ సంగతి గుర్తుంది నాకు. సరే, వీడియో వచ్చింది. ఇప్పుడు?

రఘు: మంచి ఫ్రేముల్ని ఏరి కలిపే ఆటోస్టాకర్ట్ సాఫ్ట్‌వేర్‌లో తెరువు. చంద్రుడి ఉపరితలం ఫ్రేమ్ నిండా ఉంటే సర్ఫేస్ మోడ్ పెట్టు. అది ఫ్రేములన్నిటినీ చూసి నాణ్యత ప్రకారం వరుసలో పెట్టి గ్రాఫ్ చూపిస్తుంది. గ్రాఫ్ మెల్లగా దిగితే ఎక్కువ ఫ్రేములు ఉంచుకో, మొదట్లోనే ఢమాల్న పడిపోతే పది శాతంతో సరిపెట్టుకో. తర్వాత బొమ్మంతా అలైన్‌మెంట్ పాయింట్లు పరుస్తాం. గాలి బొమ్మని మొత్తంగా ఒకే వైపు నెట్టదు కదా, ఒక మూల ఇటు లాగితే ఇంకో మూల అటు లాగుతుంది. అందుకని ఒక్కో చిన్న ముక్కని విడిగా సర్దాలి.

లావణ్య: అంతా అయ్యాక వచ్చే బొమ్మ చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క ఫ్రేమ్ కన్నా మసకగా ఉంది!

రఘు: అలాగే ఉంటుంది, అది సరైనదే! నాయిస్ లేదు కాబట్టి అలా నున్నగా కనిపిస్తుంది, వివరమంతా లోపలే ఉంటుంది. దాన్ని 16 బిట్ టిఫ్ ఫైల్‌గా దాచుకుని రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పదును పెంచే వేవ్‌లెట్స్ తెరువు. అక్కడ ఆరు లేయర్లుంటాయి. మొదటిదాంట్లో అన్నిటికన్నా సన్న వివరం, కింది వాటిలో పెద్దవి. సన్న లేయర్‌లో ఎక్కువగా ఉండేది మిగిలిపోయిన నాయిస్సే. అయినా అందరూ మొదట దాన్నే చివరిదాకా లాగేస్తారు. రెండూ మూడూ పెంచి చూడు, మొదటిదాన్ని కొద్దిగా, నాయిస్ తగ్గించే డీనాయిస్‌తో కలిపి.

లావణ్య: ఎక్కడ ఆపాలో తెలిసేదెలా? ప్రతిసారీ ఇంకొంచెం లాగితే ఇంకొంచెం బాగుంటుంది అనిపిస్తుంది.

రఘు: స్లైడర్ లాగుతున్నప్పుడు కన్ను అలవాటు పడిపోతుంది, అందుకే మర్నాడు పొద్దున మళ్లీ చూడాలి. కొన్ని గుర్తులున్నాయి. చంద్రుడి అంచు దగ్గర ఇంకో అంచు గీసినట్టు రెండో గీత వచ్చిందా, ఎక్కువైంది. క్రేటర్ గోడ పక్కన నల్లటి గీత, దాన్ని ఆనుకుని తెల్లటి గీత వచ్చిందా, ఎక్కువైంది. నున్నగా ఉండాల్సిన మైదానం మీద ఇసుక చల్లినట్టుంటే అది నాయిస్, రాళ్లు కాదు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ప్లేటో.

లావణ్య: క్రేటరా?

రఘు: ఔను, దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పు. దాని నేలంతా గడ్డకట్టిన లావా, నల్లగా, నున్నగా ఉంటుంది. శుక్లపక్ష అష్టమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో అక్కడ తెల్లవారుతుంది, అప్పుడు తూర్పు గోడ నీడ మొనలు మొనలుగా నేల మీద సాగి ఉంటుంది, అది చూసి తీరాల్సిందే. నీడ తగ్గాక నేల మీద చిన్న క్రేటర్లు బయటపడతాయి, పెద్దవి రెండు నుంచి మూడు కిలోమీటర్లవి, అంటే ఒకటి, ఒకటిన్నర ఆర్క్‌సెకన్లు. అవి ఎక్కడెక్కడున్నాయో మ్యాపుల్లో పక్కాగా ఉంది. నాసా వ్యోమనౌక లూనార్ రికానసెన్స్ ఆర్బిటర్ 2009 నుంచి చంద్రుడి చుట్టూ తిరుగుతూ తీసిన ఫొటోలు ఎల్‌ఆర్‌ఓసీ క్విక్‌మ్యాప్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. నీ ఫొటో పక్కన అది పెట్టుకో. ప్లేటో నేల మీద నీకు ఏడు చుక్కలు కనిపించి, అందులో నాలుగే మ్యాప్‌లో ఉంటే మిగతా మూడూ నీ స్లైడర్ పుట్టించినవి. వెనక్కి లాగు.

లావణ్య: ఏఐ షార్పెనింగ్ టూల్స్ వాడితే ఇంకా కష్టమేమో.

రఘు: అవి చుక్కతో ఆగవు, నీడతో సహా క్రేటర్ గీసి ఇస్తాయి. అందంగానే ఉంటుంది. నేను వాడను.

లావణ్య: చంద్రుడు మొత్తం కావాలంటే మొజాయిక్కేనా, అంటే ముక్కలుగా తీసి అతకడమేనా?

రఘు: ఎక్కువ ఫోకల్ లెంగ్త్ అయితే, అంటే బొమ్మ ఫ్రేమ్‌లో పట్టనంత పెద్దగా పడితే, అంతే. ముక్క ముక్కకీ మధ్య పాతిక శాతం అతివ్యాప్తి ఉంచు, మొదటి ముక్కకి పెట్టిన ఎక్స్‌పోజర్, గెయిన్ చివరిదాకా మార్చకు, పదును కూడా అన్నిటికీ ఒకే సెట్టింగ్. త్వరగా ముగించు. చంద్రుడి మధ్యరేఖ దగ్గర సూర్యోదయపు హద్దు గంటకు సుమారు 15 కిలోమీటర్లు జరుగుతుంది, సైకిల్ మీద దాని వెంట వెళ్లొచ్చు అన్నమాట. టీ తాగొచ్చి మిగతా సగం తీస్తే నీడలు అతకవు.

లావణ్య: రంగుల చంద్రుడి ఫొటోలు, నీలం, నారింజ... అవి కూడా కల్పితమేనా?

రఘు: కాదు, అవి నిజం రంగులే, బాగా పెంచినవి. టైటానియం ఎక్కువున్న లావా నీలంగా వస్తుంది, ట్రాంక్విలిటీ సముద్రం అని పిలిచే నల్లటి లావా మైదానం అలాంటిదే. పక్కనే సెరెనిటీ అనే ఇంకో మైదానంలో ఎక్కువ భాగం కాస్త ఎర్రటి గోధుమ రంగు. నీడలు అడ్డు రాకూడదు కాబట్టి దానికి పౌర్ణమి దగ్గర రోజులే మేలు. సాచురేషన్, అంటే రంగుల గాఢత, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా పెంచాలి.

లావణ్య: ఇంకేమైనా మిగిలిందా? టైమ్ అయిపోయింది.

రఘు: ఒకటుంది. లెన్స్ టెలిస్కోపుల్లో వెనక డయాగొనల్ అద్దం పెడతారు కదా, దానివల్ల బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది. ఫొటో తలకిందులుగా ఉంటే ఇబ్బంది లేదు, తిప్పుకోవచ్చు. కుడిఎడమలు మారితే అలాంటి చంద్రుడు ఎక్కడా లేడు. ఎవరికైనా పంపేముందు ఫ్లిప్ చేసి మ్యాప్‌తో సరిచూసుకోండి.

లావణ్య: నేను ఇప్పుడే పాతవన్నీ చూసుకోవాలి. ఉంటాం మరి!