సింగారానికి ముందు సస్పెన్షన్‌

శ్రోతలకు నమస్కారం.

విశాఖలోనో బరంపురంలోనో సెకండ్‌హ్యాండ్‌ కారు కొని శ్రీకాకుళం తెచ్చుకున్న కుర్రవాళ్లకు ముందుగా కలిగే కోరిక దాని రూపు మార్చాలని. అల్లాయ్‌ వీల్స్‌, కాస్త కిందికి దించిన బాడీ, వెనక స్పాయిలర్‌, తెల్లటి లైట్లు. ఆ కోరికలో తప్పేమీ లేదు, బండి మీద ప్రేమ ఉన్నవాళ్లకే అది పుడుతుంది. ఏది ముందో ఏది వెనకో తెలియకపోవడం వల్లే ఒకే పనికి రెండుసార్లు డబ్బు పోతోంది. ఈ రోజు ఆ వరస గురించి మాట్లాడుకుందాం.

అరవై, డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగిన కారుకు చేయించాల్సిన మొదటి మార్పు, కంపెనీ ఇచ్చిన సస్పెన్షన్‌ను, అంటే కుదుపులు తట్టుకునే స్ప్రింగులు, షాకబ్జర్లు, వాటి అతుకులను, మళ్లీ మొదటి స్థితికి తేవడం. అరిగిన బుష్‌ల మీద, అంటే అతుకుల్లోని రబ్బరు తొడుగుల మీద, ఎంత ఖరీదైన స్ప్రింగ్‌ వేసినా స్టీరింగ్‌ నిలకడగా ఉండదు.

ముందు కొలత తీసుకోండి. కారును చదునైన నేల మీద ఆపి, టైర్లలో గాలి సరిచూసి, ఒక్కో చక్రం మధ్య నుంచి పైన ఫెండర్‌ అంచు దాకా టేపు పట్టి నాలుగూ రాసుకోండి. ఎడమకీ కుడికీ తేడా 10 మిల్లీమీటర్లు దాటితే ఒక స్ప్రింగ్‌ కుంగిపోయి ఉండొచ్చు, లేదా విరిగి ఉండొచ్చు. తర్వాత చెవి పెట్టి వినండి. చిన్న చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ముందు నుంచి టకటకమంటే చాలాసార్లు అది లింక్‌ రాడ్‌, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న రాడ్డు. ఆపిన బండిలో స్టీరింగ్‌ తిప్పుతుంటే స్ప్రింగ్‌ జారినట్టు టంగుమంటే అది ముందు షాకబ్జర్‌ పై కొసన ఉండే స్ట్రట్‌ మౌంట్‌ బేరింగ్‌. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగితే బ్రేకులతోపాటు, చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే లోయర్‌ ఆర్మ్‌ బుష్‌లు కూడా చూడాలి. షాకబ్జర్‌ ఒంటి మీద నూనె కారి దుమ్ము పేరుకుని ఉంటే దాని పని అయిపోయినట్టే.

షాకబ్జర్లు ఎప్పుడూ జతగా మార్చండి, ముందు రెండూ లేదా వెనక రెండూ. వాటితోపాటే మౌంట్‌, బంప్‌ స్టాప్‌ అనే రబ్బరు అడ్డు, దుమ్ము తొడుగు కూడా కొత్తవి వేయించండి. ఎలాగూ విప్పాల్సిందే కనుక కూలీ ఒక్కసారితో సరిపోతుంది. బిగించేటప్పుడు పక్కన నిలబడి రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, షాకబ్జర్‌లోని మెరిసే కడ్డీని పట్టకారుతో పట్టుకుని నట్టు బిగించకూడదు. ఆ కడ్డీ మీద గీత పడితే అది లోపలికి పోయి వచ్చేటప్పుడల్లా సీల్‌ని కోస్తుంది, కొద్ది నెలల్లోనే మళ్లీ నూనె కారుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. లోయర్‌ ఆర్మ్‌ బోల్టులను కారు జాక్‌ మీద వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. ఆర్మ్‌ బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది. చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది. కారు దించగానే అది మెలిపడి, నిలబడి ఉన్నా, నడుస్తున్నా ఆ మెలికలోనే ఉండిపోతుంది. కొత్త బుష్‌ త్వరగా చిరిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. బోల్టులు వదులుగా పెట్టి, బండిని చక్రాల మీదికి దించి, రెండు మూడుసార్లు నొక్కి వదిలాక, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి, అంటే బిగింపు బలానికి, బిగించాలి. ఈ పని గుంట మీద గానీ ర్యాంప్‌ మీద గానీ చేస్తారు. ఆ వసతి ఉన్న షెడ్డుకే వెళ్లండి. ఆ తర్వాత వీల్‌ అలైన్‌మెంట్‌ తప్పనిసరి.

ఇది ముగిశాక డబ్బు మిగిలితే టైర్లకు పెట్టండి. రోడ్డును తాకేది అవే. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. దుకాణంలో బిల్లు కట్టకముందే అది చూడండి. సైజు మార్చాలనుకుంటే మొత్తం వ్యాసం కంపెనీ కొలతకు రెండు, మూడు శాతం లోపల ఉండాలి. ఉదాహరణకు 165/80 ఆర్‌14 టైరు ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, 185/65 ఆర్‌15 ఎత్తు 621.5. ఈ జత సరిపోతుంది. అంతకంటే వెడల్పుకు పోతే స్టీరింగ్‌ బరువెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి లైనింగ్‌కు రాసుకుంటుంది.

అల్లాయ్‌ కొనేటప్పుడు అందం కంటే ముందు మూడు సంగతులు చూసుకోండి. ఒకటి బోల్టు రంధ్రాల కొలత, అంటే పీసీడీ. రెండోది ఆఫ్‌సెట్‌, అంటే చక్రం హబ్‌కు ఆనే చోటు దాని నడిమి నుంచి ఎంత పక్కకి ఉందో. మూడోది మధ్య రంధ్రం. మధ్య రంధ్రం, చక్రం బిగించే హబ్‌ కంటే పెద్దదైతే సెంట్రింగ్‌ రింగు వేయాలి, లేకపోతే వేగం గంటకు ఎనభై కిలోమీటర్లు దాటాక స్టీరింగ్‌ వణకవచ్చు, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్‌ చేయించినా పోదు. నట్లు కూడా ఆ అల్లాయ్‌కి తగిన వాలు ఉన్నవే కావాలి. బిగించాక వంద కిలోమీటర్ల లోపు మళ్లీ ఒకసారి టార్క్‌ చూపించండి.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఎక్కువమంది అడిగేది ఇదే.

కారు దించడానికి స్ప్రింగ్‌ను గ్రైండర్‌తో కోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని ఒప్పుకోవద్దు. కోసిన కొస దాని సీటులో సరిగా కూర్చోదు. చక్రం గోతిలోకి పూర్తిగా జారినప్పుడు స్ప్రింగ్‌ వదులై పక్కకి తప్పుకోవచ్చు. కోసిన స్ప్రింగ్‌ గట్టిపడుతుంది, పాత షాకబ్జర్‌ దాన్ని అదుపు చేయలేదు. దించాలనే ఉంటే మీ మోడల్‌కే తయారైన లోయరింగ్‌ స్ప్రింగులు, వాటికి సరిపడే షాకబ్జర్లు కలిపి కొనండి.

అయినా లెక్క వేసుకోండి. 163 మిల్లీమీటర్ల గ్రౌండ్‌ క్లియరెన్స్‌ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌ను 40 దించితే మిగిలేది 123. అయిదుగురు ఎక్కితే ఇంకా తగ్గుతుంది. నిబంధన ప్రకారం కట్టిన స్పీడ్‌ బ్రేకర్‌ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్నవి దానికంటే ఎత్తుగా, సన్నగా ఉంటాయి. కోతలయ్యాక నరసన్నపేట, టెక్కలి పక్క ఊళ్ల రోడ్ల మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎత్తు దించిన కారు ఆ రాయి మీదికి పోతే ఆయిల్‌ సంప్‌, అంటే ఇంజను కింది నూనె తొట్టి, పగలొచ్చు. రోడ్డు మీద పరిచిన గడ్డి కారు కింద చిక్కుకుని వేడెక్కిన సైలెన్సర్‌కి తగిలితే నిప్పు కూడా అంటుకోవచ్చు. జాతీయ రహదారి మీదే తిరిగేవాళ్ల మాట వేరు. పల్లె దారుల్లో తిరిగే కారును దించవద్దనే నా సలహా.

ఎత్తు పెంచడానికి స్ప్రింగ్‌ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు కూడా మంచివి కావు. ఇరుక్కున్న చుట్టు పని మానేస్తుంది, ఆ భారం మిగతా చుట్ల మీద పడుతుంది. బండి ఎగిరెగిరి పడుతుంది, స్ప్రింగ్‌ విరిగే ప్రమాదమూ ఉంది. కుంగిన కారుకు కొత్త కంపెనీ స్ప్రింగులు వేస్తే పోయిన ఎత్తు దానంతటదే తిరిగొస్తుంది.

రూపం విషయంలో విప్పితే ఆనవాలు లేకుండా పోయే మార్పులతో మొదలుపెట్టండి. మడ్‌ ఫ్లాప్‌లు, చిన్న లిప్‌ స్పాయిలర్‌, బాడీ రంగు హ్యాండిళ్లు లాంటివి. సీటులోనే సైడ్‌ ఎయిర్‌బ్యాగ్‌ ఉన్న కారుకు మామూలు సీటు కవర్‌ వేస్తే ఆ ఎయిర్‌బ్యాగ్‌ సరిగా తెరుచుకోకపోవచ్చు. దానికోసం కుట్టు విడిపోయేలా చేసిన కవరే అడగండి. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు ఏది బిగించడానికైనా బాడీకి కొత్త రంధ్రం వేయిస్తే, ఆ అంచుకు వెంటనే ప్రైమర్‌ పూయించండి. ఉప్పు గాలికి తుప్పు అక్కడే మొదలవుతుంది.

కంపెనీ ఇచ్చే హాలోజన్‌ హెడ్‌లైట్‌ బల్బు చాలా కార్లలో 60/55 వాట్లు, అంటే హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55. దాని స్థానంలో 100/90 పెడితే తీగలో పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. ముందుగా హోల్డర్‌ కరుగుతుంది. హాలోజన్‌ రిఫ్లెక్టర్‌లో చవక ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడుతుంది. పాత కారుకు మసకబారిన లైటు అద్దాన్ని పాలిష్‌ చేయించి, వోల్టేజీ బల్బు దగ్గర ఎంత చేరుతోందో మీటరుతో చూపించుకోవడమే మొదటి పని.

చివరగా చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ముందు బంపర్‌కు ఇనుప బుల్‌ బార్‌ బిగించడాన్ని 2017 చివర్లోనే కేంద్రం నిషేధించింది. అద్దాల్లోంచి ముందు, వెనక 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు రావాలి. కారు రంగు మార్చాలంటే ముందు రవాణా కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, ఆర్‌సీలో రాయించుకోవాలి. అల్లాయ్‌ లాంటివి వేయించినప్పుడు బిల్లులు దాచి బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పని మార్పును కారణంగా చూపి క్లెయిమ్‌ తగ్గించే వీలుంది.

నమస్కారం.