నిక్కరు వేసుకోవడం చివరి నుంచి నేర్పండి

అందరికీ నమస్తే. ఉప్పల్ నుంచి ఒకావిడ అడిగారు, బాబుకి తొమ్మిదేళ్లట, ఆటిజం, ఇంకా నిక్కరు కూడా ఆవిడే తొడుగుతున్నారట, నేర్పబోతే ఏడుపు. ఎక్కడ మొదలుపెట్టాలి అని.

చివర్లో మొదలుపెట్టండి. వెటకారం కాదండీ, నిజంగానే. నిక్కరు వేసుకోవడం మనకి ఒక్క పని, వాడికి మాత్రం ముందేదో వెనకేదో చూసుకోవాలి, రెండు చేతులతో పట్టుకోవాలి, ఒక కాలు, ఇంకో కాలు, లేచి నిలబడాలి, అప్పుడు పైకి లాగాలి, ఇన్ని ఉన్నాయి. అందుకని మొదట్లో అన్నీ మీరే చేసి తుంటి దాకా తెచ్చి వదిలేయండి, ఆఖరి లాగుడు వాడిది. అది వచ్చేశాక తొడల దగ్గర వదలండి, తర్వాత మోకాళ్ల దగ్గర. థెరపిస్టులు దీన్నే బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. మొదటి నుంచి నేర్పితే వాడు మొదట్లోనే ఇరుక్కుంటాడు, పూర్తి చేసేది అమ్మ అవుతుంది. ఇలా అయితే రోజూ పూర్తి చేసేది వాడే. కాస్త వదులుగా ఉన్న ఎలాస్టిక్ నిక్కరు తీసుకోండి, కాళ్లు దూర్చేటప్పుడు పీట మీద కూర్చోబెట్టండి. హుక్కూ జిప్పూ తర్వాత చూసుకోవచ్చు.

ఇక మన నోరు. 'లాగు, అలా కాదు, ఇటు, ఇటు' అని మనం ఆగం కదా! అలవాటైతే, మాట వినపడేదాకా పిల్లాడు కదలడు. వెనక నిలబడి మాట్లాడకుండా వాడి చేతుల మీద చేతులు వేయండి, కొన్నాళ్లకి మణికట్టు, తర్వాత మోచేయి, ఆ తర్వాత తీసేయండి.

పొద్దున్నే వ్యాన్ వాడు హారన్ కొడుతుంటే మాత్రం ఈ ప్రయోగాలు వద్దు, సాయంత్రం స్నానం అయ్యాక పెట్టుకోండి. నానమ్మలు 'పాపం, వాడి చేత ఎందుకే' అంటారు. వాళ్లతో గొడవ దేనికి, ఆఖరి లాగుడు వదిలేసే డ్యూటీ ఆవిడకే అప్పజెప్పండి.

బటన్లు నేర్పే బోర్డుల మీద డబ్బులు తగలేయకండి, ఇది నా అభిప్రాయం. బల్ల మీద బోర్డు ఎదురుగా ఉంటుంది, చొక్కా ఒంటి మీద ఉంటుంది, అక్కడ వచ్చింది చాలామంది పిల్లలకి ఇక్కడ రాదు. పాత చొక్కాకి పెద్ద బటన్లు కుట్టండి, చాలు.

మన సికింద్రాబాద్‌లో, మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, 1984లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, పాత పేరు ఎన్ఐఎంహెచ్. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం వాళ్లు తయారుచేసిన చెక్‌లిస్టులో, పని వచ్చా రాదా అని ఊరుకోరు, సొంతంగా చేస్తాడా, చెబితే చేస్తాడా, చేయి పట్టిస్తే చేస్తాడా అని విడివిడిగా రాస్తారు. మీరూ క్యాలెండర్ మీద అలాగే రాసుకోండి, రెండు నెలల తర్వాత తిరగేస్తే తేడా కళ్లకి కనిపిస్తుంది.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. ప్యాడ్ మార్చుకోవడం పీరియడ్స్ మొదలయ్యాక నేర్పుదాంలే అనుకోకండి, ఆరోజు మీకూ టెన్షన్, పాపకీ భయం. తొమ్మిది, పదేళ్లకే ఉత్త ప్యాడ్ కాసేపు పెట్టి అలవాటు చేయండి, తనకి చిరాకనిపిస్తే ఇంకో రకం చూడండి. ఇక్కడా చివరి నుంచే, ముందు పేపర్‌లో చుట్టి డస్ట్‌బిన్‌లో వేయడం నేర్పండి, ఆ తర్వాత తీయడం, అంటించడం అన్నిటికంటే ఆఖర్న.