అప్పుడు కనీసం 500, ఇప్పుడు గరిష్ఠంగా 1,250

అందరికీ నమస్కారం.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, పాత మోడల్ పోలికలతో వచ్చిన లిమిటెడ్ ఎడిషన్ కారు మీద గొడవ జరగకుండా ఉండదు. 2022లో జర్మనీ కార్ల కంపెనీ పోర్షే తన 911 స్పోర్ట్స్ కారులో స్పోర్ట్ క్లాసిక్ అనే రకాన్ని విడుదల చేసినప్పుడూ అదే జరిగింది. ఎన్నాళ్లకు మనసు పెట్టి చేశారురా అని మురిసిపోయినవాళ్లున్నారు, పాత ఆల్బమ్‌కి చక్రాలు తగిలించి అమ్ముతున్నారని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే అసలు పేచీ కారులో లేదు, ఎన్ని కార్లు చేస్తారన్న నంబర్‌లో ఉందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు ఆ కారు వెనక భాగం చూడండి. ఇంజన్ మూత చివర బాతు తోకలా పైకి లేచిన అంచు ఉంటుంది. దాన్నే డక్‌టెయిల్ అంటాం. ఇది మొదట 1972 అక్టోబర్‌లో, పారిస్ మోటార్ షోలో చూపించిన 911 కరేరా ఆర్‌ఎస్ 2.7 మీద కనిపించింది. 911 వీపు వాలుగా ఉంటుంది కదా, వేగం పెరిగేకొద్దీ దాని మీదుగా పారే గాలి కారు తోకను పైకి లాగుతుంది. వెనక చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. మలుపులో అదే జరిగితే డ్రైవర్‌కి చెమటలే. ఆ లేచిన అంచు గాలిని అడ్డుకుని, పైకి లాగే బలాన్ని తగ్గించింది. ఇంజనీర్లు ఒక ఇబ్బందికి విరుగుడు వెతికితే, ఆ విరుగుడే తర్వాత అందమైంది.

ఇక నంబర్ సంగతి. ఆ ఆర్‌ఎస్ కారును రేసుల్లో దించాలంటే రూల్ ప్రకారం కనీసం 500 కార్లు తయారు చేయాలి. అన్ని అమ్ముడవుతాయా అని కంపెనీ అమ్మకాల విభాగానికే టెన్షన్. తీరా చూస్తే కొన్ని వారాల్లోనే అన్నీ అయిపోయాయి. అప్పుడు కంపెనీ ఏం చేసింది? ఇంకా చేసింది. చివరికి లెక్క 1,580కి చేరింది. అడిగేవాళ్లున్నారు కాబట్టి చేశారు, అంతే.

ఇప్పుడు అంతా తలకిందులు. స్పోర్ట్ క్లాసిక్ 1,250 కార్లే. ఎంతమంది అడిగినా అంతకు మించి ఒక్కటి కూడా రాదు. అప్పటి 500కి కారణం రేసు. ఇప్పటి 1,250కి ఇంజనీరింగ్ కారణం నాకైతే కనిపించదు. అంతకుముందు 2020లో వచ్చిన 911 టార్గా హెరిటేజ్ డిజైన్ ఎడిషన్‌ను 992 కార్లకు పరిమితం చేశారు. ఎందుకయ్యా అంటే, ఆ తరం 911 కోడ్ పేరు 992. 2023 నాటి 911 ఎస్/టీ 1,963 కార్లు, ఎందుకంటే 911 పుట్టింది 1963లో. ఇటలీ కంపెనీ లాంబోర్గినీ వాళ్లు తమ పాత కారు కౌంటాక్‌ను తిరిగి తెచ్చి 112 కార్లే చేశారు, పాత కౌంటాక్ ప్రాజెక్ట్ పేరు ఎల్‌పీ112 కాబట్టి. జాతకం చూసి ముహూర్తం పెట్టినట్టు సంఖ్యలు పెడుతున్నారు!

అలాగని స్పోర్ట్ క్లాసిక్‌ను తీసిపారేయలేం. దాని లోపల ఉన్నది 911 టర్బో అనే మోడల్ ఇంజన్. మామూలు టర్బో కొంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాల డ్రైవ్ తప్పవు. దీనికి ఏడు గేర్ల మాన్యువల్ ఇచ్చారు, శక్తి మొత్తం వెనక చక్రాలకే. 550 హార్స్‌పవర్. టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, మాత్రం టర్బోలో ఉన్న 750 నుంచి 600 న్యూటన్ మీటర్లకు దించారు. మాన్యువల్ గేర్‌బాక్స్ తట్టుకోవాలి మరి. కాగితం మీద అంకె తగ్గినా పర్వాలేదు, క్లచ్ తొక్కి గేరు మార్చే పని డ్రైవర్‌కే ఉండాలని తీసుకున్న నిర్ణయమది. ఇలాంటి కలయిక ఆ తరంలో ఇంకెక్కడా దొరకలేదు.

బరువు దగ్గర మాత్రం విమర్శకుల పక్షమే నాది. పాత ఆర్‌ఎస్‌లో తేలిక రకం దాదాపు 960 కిలోలు. ఇది 1,570. డోర్ల మీద, సీట్ల మీద నలుపు తెలుపు పెపిటా గళ్ల గుడ్డ, పక్కన బంగారు పూత అక్షరాలు, ఆకుపచ్చ అంకెల డయళ్లు, అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. కానీ ఆర్‌ఎస్ ఆయువుపట్టు తేలికదనం. తోక తెచ్చారు, ఆ తేలికదనం తేలేదు. ఆ సంగతి గుర్తుంచుకున్నది ఎస్/టీ. 1,380 కిలోలు, నిమిషానికి 9,000 చుట్ల దాకా తిరిగే ఇంజన్, మాన్యువల్ గేరు. వారసత్వమంటే నాకు అదీ.

సంఖ్య మీద గీత గీస్తే ఏమవుతుందో చూడాలంటే 2016 నాటి 911 ఆర్ కథ చాలు. 991 కార్లు, 500 హార్స్‌పవర్, మాన్యువల్. చేతులు మారేకొద్దీ ధర అసలు ధరకు ఎన్నో రెట్లు ఎగబాకింది. చాలా కార్లు రోడ్డు ముఖం చూడకుండానే గ్యారేజీల్లో ఉండిపోయాయి. మరుసటి ఏడాది కంపెనీ అదే శక్తి, అదే రకం గేరుతో జీటీ3 టూరింగ్ తెచ్చింది, దానికి సంఖ్య పరిమితి పెట్టలేదు. ఆర్ ధరలు దిగొచ్చాయి. దాచుకున్నవాళ్లు లబోదిబోమన్నారు. నడపాలని ఆశపడినవాళ్లు పండగ చేసుకున్నారు. ఏ వర్గం బాధపడిందో చూస్తే ఎవరు అభిమానో తెలిసిపోతుంది!

కంపెనీలకూ ఈ బెడద తెలుసు. ఫోర్డ్ తన జీటీ అనే స్పోర్ట్స్ కారును రెండేళ్లదాకా అమ్మకూడదని కొనేవాళ్లతో ఒప్పందం రాయించుకుంది. రెజ్లర్, నటుడు జాన్ సీనా అంతలోపే అమ్మేస్తే 2017లో ఆయన మీద కోర్టుకెక్కింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఇలాంటి షరతులను నేను తప్పుపట్టను. కానీ కరువు సృష్టించినవాళ్లే బ్లాక్ మార్కెట్‌ను తిట్టడం కాస్త విడ్డూరంగా ఉంటుంది.

వేరే దారి లేదా అంటే, ఉంది. ఫ్రాన్స్‌లో ఆల్పీన్ కంపెనీ పుట్టింది 1955లో. తమ పాత ఏ110 కారును కొత్తగా తెచ్చినప్పుడు వాళ్లు కూడా 1,955 అనే ముచ్చట తీర్చుకున్నారు, మొదటి విడత అన్ని కార్లే. కానీ అక్కడితో ఆపలేదు. ఆ తర్వాత కావలసినవాళ్లందరికీ అదే కారు చేసి అమ్మారు. పాతదానిలో ఇంజన్ వెనక చక్రాలకు అవతల ఉండేది, కొత్తదానిలో మధ్యకు వచ్చింది. చాదస్తులు దాని మీదా పేచీ పెట్టారనుకోండి. బరువు 1,100 కిలోల దగ్గరే ఆపారు. ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

నేను చెప్పదలచింది ఇంతే. స్పోర్ట్ క్లాసిక్ బంగారు అక్షరాలను సమర్థించేవాళ్లు హాల్లో ఉన్నారని తెలుసు, ఇందాకటి నుంచీ తల అడ్డంగా ఊపుతున్నారు. మైకు ముందు వాళ్లకే ఇవ్వండి.