సంతకం పెట్టమంటున్నారు: ఆడపిల్లల ఆస్తి హక్కుపై ఫోన్-ఇన్

యాంకర్: తెనాలి దగ్గర నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడం. మా నాన్న 2011లో పోయారండి. మూడెకరాలు, నాన్న కొన్నదే. అమ్మ ఉంది, ఇద్దరు అన్నయ్యలు. పెద్దన్నయ్య మొన్న కాగితాలు పంపాడు, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూలు పెట్టి మరీ. పైన ‘హక్కు విడుదల దస్తావేజు’ అని ఉంది. సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసుకి రమ్మంటున్నాడు. కట్నం ఇచ్చాం కదా, ఇంకేం ఉంది నీకు అంటాడు. మా వదినైతే... ఆవిడ సంగతి వదిలెయ్యండి. అమ్మేమో ఫోన్లో ఒకటే ఏడుపు.

లాయర్: సంతకం పెట్టేశారా?

కాలర్: ఇంకా లేదండి.

లాయర్: పెట్టొద్దు. నాన్నగారు వీలునామా రాశారా?

కాలర్: లేదండి, హఠాత్తుగా పోయారు, పొలంలోనే. ఆ ఏడు మినుము వేశాం...

లాయర్: సరే తల్లీ, వినండి. స్వార్జితం, వీలునామా లేదు. అమ్మ, ఇద్దరు అన్నలు, మీరు. నాలుగు సమాన వాటాలు. 1956 నుంచీ ఉన్న హిందూ వారసత్వ చట్టమే ఇది. కట్నం 1961 నుంచి నేరం. చేసిన నేరాన్ని చూపించి మీ హక్కు కొట్టేస్తారా?

కాలర్: తాతగారిది అరెకరం కూడా ఉందండి.

లాయర్: అందులోనూ మీరు అన్నలతో సమానమే. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చారు, కానీ అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేశారు. 2005 సవరణతో ఆ తేడా పోయింది. తండ్రి ఆనాటికి బతికుండాలన్న మెలికను 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీసేసింది.

కాలర్: అంటే కట్నం ఇచ్చినా వాటా ఉంటుందంటారా?

లాయర్: ఉంటుందమ్మా! రెండోసారి చెప్తున్నా. సంతకం పెట్టొద్దు.

కాలర్: పెట్టకపోతే... సంక్రాంతికి పుట్టింటికి వెళ్లగలనా అండి?

లాయర్: (ఆగి) దానికి నా దగ్గర సెక్షన్ లేదమ్మా. మీ అంతట మీరు వదులుకుంటే మీ ఇష్టం. భయపడి మాత్రం వద్దు. రిజిస్టరయ్యాక వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. సోమవారం వెళ్లకండి. ముందు అమ్మతో కూర్చోండి, అందులో ఆవిడ వాటా కూడా ఉందని చెప్పండి. ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

యాంకర్: థాంక్యూ అమ్మా. ఖమ్మం నుంచి...

కాలర్: మాది తాతల భూమి సార్, 2001లో అన్నదమ్ములు పంచుకున్నరు.

లాయర్: రిజిస్టరైందా?

కాలర్: అయింది సార్.

లాయర్: 2004 డిసెంబరు 20 లోపు రిజిస్టరైన పంపకం జోలికి 2005 సవరణ పోదమ్మా. తెల్లకాగితం మీదైతే కొట్లాడొచ్చు.

యాంకర్: థాంక్యూ. నెక్స్ట్ కాలర్?

కాలర్: లాయర్‌కి డబ్బుల్లేవండి...

లాయర్: ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి చేయండి. ఈలోపు ఏ కాగితం మీదా సంతకం...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది సార్.