మోచేయి మార్పిడి: ఆ 92 శాతం మీది కాదు!

నమస్తే అండి. ఈ రోజు కాస్త వేడి మీదున్నా, ముందే చెప్తున్నా.

వారం నుంచి అందరి వాట్సాప్‌లో తిరుగుతున్న రీల్ మీరూ చూసే ఉంటారు. మోచేయి మార్పిడి, అంటే పాడైన మోచేతి కీలు తీసి లోహం కీలు పెట్టడం, చేయించుకున్న ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి చూపిస్తుంది. కింద పెద్ద అక్షరాలు: పదేళ్లైనా 92 శాతం సక్సెస్! కామెంట్లలో సగం మంది తిట్లు, సగం మంది అడ్రస్ అడగడం. నేను చెప్పేది ఒక్కటే. ఆ 92 అబద్ధం కాదు. కానీ అది మీది కాదు.

మరి ఎవరిది? అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 461 మోచేతుల లెక్క తీసి 2016లో బయటపెట్టారు. మళ్లీ కోయకుండా, తీసేయకుండా నిలిచినవి పదేళ్లకు 92 శాతం, పదిహేనేళ్లకు 83, ఇరవై ఏళ్లకు 68. చూశారా, రీల్ వాడు పదేళ్ల దగ్గరే ఆపేశాడు. ఇరవై ఏళ్లకు మూడింట ఒకటి పోయిందని ఎవడు రీల్ చేస్తాడు?

సరే, అసలు కిటుకు అది కాదు. ఆ 461 మోచేతులూ రుమటాయిడ్ వాళ్లవి, అంటే మన కీళ్లవాతం. వాళ్లలో చాలామందికి మణికట్టు పట్టేసి ఉంటుంది, భుజం నొప్పి, మోకాలు నొప్పి. చెంబు ఎత్తడానికే ఆలోచించే మనుషులు. ఆ చేతికి పనే తక్కువ. అందుకే లోపలి ఇనుము అన్నాళ్లు బతికింది. ఇది నా థియరీ, డాక్టర్లు నన్ను తిట్టుకోండి పర్లేదు: మోచేయి ఆయుష్షు కంపెనీ చేతిలో లేదు, బకెట్ చేతిలో ఉంది!

రుజువు కావాలా? అదే ఆసుపత్రి, లోపల పెట్టింది అదే రకం బందు, అంటే కీలు. దెబ్బ తగిలి కీలు పాడైనవాళ్లలో చూస్తే పదిహేనేళ్లకు మిగిలింది 70 శాతమే. అక్కడ 83, ఇక్కడ 70. మరి మన హైదరాబాద్‌లో కుర్రాళ్ల మోచేతులు ఎలా పోతున్నాయి? వాతంతోనా? బండి మీద నుంచి పడి!

మా బాబాయి సంగతే చెప్తా. ఉప్పల్ దగ్గర ఇసుకలో స్కూటీ జారింది, మోచేయి నేలకు గుద్దుకుంది. ఆసుపత్రికి వెళ్లకుండా ఎవరో చెప్పారని సందులో ఒకాయన దగ్గరికెళ్లాడు. ఈ ఊళ్లో ఏ గల్లీలో చూసినా పుత్తూరు కట్టు బోర్డు ఉంటుంది కదా, ఎక్కడి పుత్తూరు, ఎక్కడి ఉప్పల్! ఆ సందులో ఆయన నూనె రాసి, పిసికి, చేయి బలవంతంగా వంచాడు. దెబ్బ తిన్న మోచేతిని అలా పిసికితే కండలో ఎముక పెరుగుతుంది బాబూ. పెరిగింది. చేయి సగంలో బిగుసుకుపోయింది. ముద్ద నోటికి అందదు. మనిషికి రోజువారీ పనులకు 30 నుంచి 130 డిగ్రీల దాకా మోచేయి కదలాలంటారు. ఆయనకు ఇరవై కూడా లేదు. ఎడమ చేత్తో స్పూన్‌తో తినేవాడు, పెళ్లిళ్లకు రావడం మానేశాడు.

చివరికి 44 ఏళ్లకు మోచేయి మార్చారు. నొప్పి పోయిందండీ, అది ఒప్పుకోవాలి. మొదటి ముద్ద కుడి చేత్తో తిన్న రోజు పిన్ని ఏడ్చేసింది.

లోపల ఏముంటుందో తెలుసా? పై ఎముకలో ఒక కడ్డీ, కింది ఎముకలో ఒక కడ్డీ, మధ్యలో తలుపు బందు లాంటి కీలు. బిగుతు బందు కాదు, పక్కలకు ఏడు నుంచి పది డిగ్రీలు వదులుగా కదులుతుంది. వెనకటికి గట్టి బందులు పెడితే ఎముకలోంచి ఊడొచ్చేవి. మన కోల్‌కతా డాక్టర్ బక్సీ కూడా ఇలాంటి వదులు బందే తయారుచేశారు. బాబాయికి పెట్టిన బందులో ఇరుసు చుట్టూ ప్లాస్టిక్ బుష్‌లు, అంటే చిన్న గొట్టాల్లాంటి ముక్కలు ఉంటాయి. మీ మెకానిక్‌ని అడగండి, బుష్ ఎందుకు అరుగుతుందో చెప్తాడు.

పోయేది కూడా వరసగా పోతుంది. మొదటి ఐదేళ్లలో ఎక్కువగా ఇన్ఫెక్షన్, ఎందుకంటే మోచేయి వెనక చర్మం తప్ప కండ లేదు. ఐదు నుంచి పదేళ్ల మధ్య బుష్ అరుగుదల. పదేళ్లు దాటాక కడ్డీ వదులవడమో, విరగడమో. బాబాయికి ఆరో ఏడు. చేయి తిప్పితే టక్కు టక్కుమని శబ్దం. ఎక్స్‌రేలో బుష్ అరిగిపోయింది.

ఎందుకు అరిగిందో అని డిశ్చార్జ్ కాగితం తిరగేశా. చివరి పేజీ, చివరి లైను, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు: ఒక్కసారికి 5 కేజీలు మించి ఎత్తకూడదు, పదే పదే అయితే 1 కేజీ. జీవితాంతం! ఒక కేజీ అంటే పంచదార ప్యాకెట్ అండి! ఆ పేజీకి పిన్ బిగించి దాని మీద బిల్లు పెట్టారు. పిన్నికి ఇంగ్లీషు రాదు, బాబాయి బిల్లు చూసి ఫైలు మూసేశాడు. ఆరేళ్లు నిండు బకెట్లు, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు, గ్యాస్ బండలు, అన్నీ ఆ చేత్తోనే.

అరవై ఐదు దాటిన అవ్వ జారిపడి మోచేయి నుజ్జయితే అది వేరే లెక్క, అక్కడ మార్పిడే మేలు అవ్వొచ్చు. నా గొడవ నలభైల్లో ఉన్నవాడికి 92 అని అమ్మేవాళ్లతో. ఆ రీల్‌లో కుర్చీ ఎత్తించారే, అది ప్లాస్టిక్‌ది. దాని మీద ఒక బియ్యం బస్తా పెట్టి ఎత్తించండి చూద్దాం!

మీ ఇంట్లో ఎవరిదైనా మోచేయి మార్చి ఉంటే ఆ కాగితం చివరి పేజీ ఇప్పుడే తీయండి. కేజీల లైను మీకు ఎవరైనా నోటితో చెప్పారా లేదా, కామెంట్‌లో రాయండి. ఈ వీడియో చేసే ముందు బాబాయికి ఫోన్ చేశా. బుష్ మార్చి మూడు నెలలైంది కదా, ఎలా ఉందని అడిగా. "బానే ఉందిరా, నల్లా వచ్చింది, నీళ్లు పట్టాలి, పెట్టేస్తున్నా" అన్నాడు.